మెట్టమీది ఊఁకొట్టమ్మ

కొండగెడ్డవలస దాటి జీడితోటల మధ్యగా పైకి నడిస్తే, ఎర్రమెట్ట కొసన పైకప్పు లేని చిన్న గుడి కనిపిస్తుంది. అందులో కొలువైన ఊఁకొట్టమ్మ తల్లికి నోరు లేదు. తల ఒక పక్కకు వాల్చి, పెద్ద చెవిని భక్తుల వైపు తిప్పి ఉంటుంది. గుడికి గంట కూడా లేదు. మైకు పెట్టిస్తామని వచ్చిన దాతలను పూజారిణులు మర్యాదగానే తిప్పి పంపారు.

పూర్వం ఈ మెట్ట కింద దాలమ్మ అనే రైతు స్త్రీ ఉండేది. భర్త పోయాక తానే సేద్యం చేయించి, కొడుకు చిన్నంనాయుణ్ణి పెంచి పెళ్ళి చేసింది. పుట్టుగుడ్డి అయిన చెల్లెలు ఆదెమ్మనూ తన పంచనే పెట్టుకుని సాకింది. అలాంటి దాలమ్మకు జబ్బు ముదిరింది. కాళ్ళు పొంగాయి, గంజి కూడా దిగడం లేదు. తన పని అయిపోయిందని ఆమెకు తెలుసు. ఉన్న దిగులల్లా ఒక్కటే, తన తరువాత ఆదెమ్మ గతి ఏమిటి?

"ఒరే నాయుడూ, నేను పోయాక మీ పిన్ని..." అని మొదలుపెట్టేది. అంతే! "అవేటి మాటలమ్మా! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని కొడుకు లేచిపోయేవాడు. కోడలు చెంపలు వేసుకునేది. చూడవచ్చిన చుట్టాలు "నీకేం, నిక్షేపంలా ఉన్నావు, నూరేళ్ళు బతుకుతావు" అని దీవించి, పెరట్లోకి పోయి పాడెకు వెదుర్ల సంగతి గుసగుసలాడుకునేవారు. ఎంత అన్యాయం! చచ్చేది ఆవిడ, భయం వీళ్ళది. తమ భయానికి ఆవిడ నోరు కుట్టేశారు.

దాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ దేవతలనే కడిగేద్దామని ఒకనాటి మధ్యాహ్నం దేకుతూ మెట్టెక్కి, "మీ మూలాన నా మాట గొంతులోనే ఉండిపోయింది, మీ తథాస్తు తగలెయ్యా!" అని తిట్టి తిట్టి సొమ్మసిల్లింది.

కలలో ఆ తథాస్తు దేవతల్లో ఒక తల్లి కనిపించింది. ఆ తల్లి కోపం ముందు దాలమ్మ కోపం ఏపాటి! "నన్నా తిట్టేది? మీవాళ్ళు నూరేళ్ళు బతకమని దీవించిన ప్రతిసారీ తథాస్తు అన్నాను. ఎంతమంది బతికారే? నా మాటకు ప్రాణం పోసే శక్తీ లేదు, తీసే శక్తీ లేదు. మీ పిరికితనానికి నా పేరు పెట్టుకున్నారు! ఇక నాకు నోరే వద్దు. ఈ రాతిలో ఉంటాను. నీవాళ్ళను ఇక్కడ కూర్చోబెట్టి నీ మాట పూర్తి చెయ్యి. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, అంతే."

దాలమ్మ కళ్ళు తెరిచేసరికి పక్కన నోరు లేకుండా పెద్ద చెవి ఒక్కటే తేలిన రాయి ఉంది. ఆదెమ్మ చెయ్యి పట్టుకుని కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. కల సంగతి చెప్పి ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"నేను పోయాక" అంది.

చిన్నంనాయుడు నోరు తెరిచాడు. చెవి రాయి వంక చూసి, "ఊఁ" అన్నాడు.

"మీ పిన్నిని నీ ఇంట్లోనే ఉంచుకోవాలి."

వాడు ఊఁ కొట్టేలోపే ఆదెమ్మ గయ్యిమంది. "ఇన్నాళ్ళలో నన్నొక్కరైనా అడిగారా? నువ్వు పోతావని నాకు తెలీదనుకున్నావా అక్కా? రోజూ ఆ కాళ్ళు పట్టేది నేను! నీరు ఎంతవరకు ఎక్కిందో నా చేతులకు తెలీదూ? నేను కోడలి గడపలో పడి ఉండను. ఇక్కడే ఈ తల్లికి దీపం పెట్టుకుంటాను. నాయుడు కూడు పంపిస్తే చాలు."

దాలమ్మ నిర్ఘాంతపోయింది. తన నోరు నొక్కారని దేవతలనే తిట్టిపోసిన మనిషి, చెల్లెలి నోరు తానూ నొక్కింది. ఏడుస్తూనే "ఊఁ" అంది.

ఆ నెల తిరక్కుండానే దాలమ్మ కాలం చేసింది. మాట అన్నందుకు కాదు, జబ్బు వల్ల. ఎంత చెప్పినా ఇది ఒప్పుకోని మహానుభావులు నేటికీ ఉన్నారు.

ఆదెమ్మ తొలి పూజారిణి కాగా, నేటికీ ఇక్కడ పూజ స్త్రీలదే. పెద్దలు తల్లి చెవి పక్కన కూర్చుని "నేను పోయాక" అని మొదలుపెడతారు, ఇంటివారు ఊఁ కొడతారు. మధ్యలో "ఛ, ఛ, అవేం మాటలు" అన్నవారిని, కలెక్టరైనా సరే, పూజారిణి బయటికి పంపేస్తుంది. ఈ తల్లిని సేవించినందువల్ల ఎవరి ఆయుష్షూ ఒక్క పూటైనా పెరగదు. ఆ రాత్రి మాత్రం ఇంట్లో పెద్దలకు కంటినిండా నిద్ర పడుతుంది.