ఎలుగు మావ దొప్ప

"...ఒక్క దొప్పే తాగుతున్నానే, నీమీదొట్టు," అంటున్నాడు ఎలుగు మావ పెళ్ళాంతో.

నువ్విప్పుడే వచ్చావుగా, కూచో, చెప్తా. ఆ అడవిలో బండ మీద నీటి గుంట ఒకటుంది. ఎండాకాలం దాన్లో ఇప్పపూలు రాలి, నాని, పులిసి సారా అయిపోతాయి. ఎలుగు మావ రోజూ సాయంత్రం, అల్లుడి వరసయ్యే నక్కతో కూచుని అదే తాగేవాడు. ఈమధ్య కుడి డొక్కలో నొప్పి. తేనెపట్టు కోసం చెట్టెక్కితే సగంలోనే ఆయాసం. ఒకసారి జారి పడ్డాడు కూడా, కింద తన పిల్ల చూస్తానే ఉంది. వైద్యం తెలిసిన ముసలి కొండముచ్చు డొక్క నొక్కి చూసి, "తగ్గించుకో నాయనా. ఇట్టాగే తాగితే వచ్చే పూత నువ్వు చూడవు," అన్నాడు.

ఎలుగు మావ భయపడ్డాడు. రోజుకి ఒక్క దొప్పే అని ఒట్టేసుకున్నాడు.

"దొప్ప నేను కుట్టిపెడతాలే మావా," అన్నాడు నక్క.

ఒట్టు తప్పలా పాపం. తూలడమూ తగ్గలా, నొప్పీ తగ్గలా.

"ఒక్క దొప్పకే ఇంత తూలతావా? ఏదీ, అది పట్రా," అంది ఎలుగమ్మ.

తెచ్చాడు. ఆమె దాన్ని నేలమీద పెట్టి, పిల్లని ఎత్తి అందులో కూచోబెట్టింది. పిల్ల హాయిగా పట్టింది. ఇంకా జాగా మిగిలింది.

ఎలుగు మావ తల దించుకున్నాడు. "మొదట్లో ఒక్క మోదుగాకే. రోజుకో ఆకు కలిపి కుట్టినట్టున్నాడు అల్లుడు. నేను చూసుకోలా."

"చూడబుద్ధి కాలేదేమో. పిల్లకి చెట్టెక్కడం నేర్పాల్సింది నువ్వే గదయ్యా," అంది మెల్లగా.

మర్నాడు ఒకే ఆకుతో తనే కుట్టుకుని వెళ్ళాడు.

"ఏంటి మావా, ఉడతకి అన్నప్రాసనా?" నవ్వాడు నక్క.

"నవ్వుకో. మరి నీ దొప్ప ఒక్కాకే ఉందేం అల్లుడూ? నాదొక్కటే పెరిగిందా?"

నక్క నవ్వు ఆగిపోయింది. కాసేపు గోటితో బండ గీకాడు.

"చిన్నదైతే గుటుక్కున తాగి ఇంటికి పోతావు మావా. తర్వాత నేనొక్కణ్ణే కూచోవాలి. అందుకని."

ఎలుగు మావకి కోపమొచ్చింది, జాలీ వేసింది. గుక్క గుక్కా ఆగి ఆగి తాగాడు. అయిపోగానే నక్క మావ దొప్పని ఇంకోసారి ముంచబోయాడు. ఎలుగు మావ దొప్ప బోర్లించి, దానిమీద చెయ్యి పెట్టాడు. అప్పుడాయన ఏమన్నాడో, అన్నది అన్నట్టే చెప్తా:

"నీతో ఎంతసేపైనా కూచుంటా అల్లుడూ. నా దొప్ప మాత్రం నేనే కుట్టుకుంటా."