రాతికి దారం

శాసనాధికారి భూతనాథయ్యగారికి కోపం వస్తే వేళ్లు తెగేవి. అదీ ఎదుటివాళ్లవి. అందుకే ఆయన రాజాజ్ఞ రాసిన తాటాకు చేతికిచ్చి, "ఇందులో ఉన్నది ఉన్నట్టు రాతి మీదికి ఎక్కాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందో, మళ్లీ ఉలి పట్టవు" అన్నప్పుడు శిల్పి సింగోజు దాన్ని అక్షరం అక్షరం పట్టి చూసుకున్నాడు.

ఆకుల్ని కట్టగా గుచ్చే దారం కోసం చిల్లు పెడతారు కదా, ఆ చిల్లు చుట్టూ ప్రతి వరుసలోనూ ఖాళీ వదిలి రాశారు. ఆ ఖాళీలు అలాగే వదిలి చెక్కితే రాజాజ్ఞ పళ్లూడిన నోరులా ఉంటుంది. వదలకపోతే వేళ్లుండవు. సింగోజుకి అన్నం సయించలేదు. చివరికి మనసొప్పక, మాటల్ని దగ్గరికి చేర్చే చెక్కాడు.

రాజుగారు చూడవచ్చిన రోజు అధికారి ఆకుని రాతి పక్కన పెట్టి చూసి నిప్పులు కక్కాడు. "ప్రభూ, వీడు ఖాళీలన్నీ మింగేశాడు!"

"ఏమంటావురా?" అన్నాడు రాజు.

సింగోజు రొంటిన దోపుకున్న దారం తీసి అధికారికి అందించాడు. "తప్పు నాదే దొరా. ఈ బండని కూడా కట్టలో గుచ్చి చంకన పెట్టుకెళ్తారని నాకు తట్టలేదు. చిల్లు ఎక్కడ కావాలో చూపించండి, అక్కడ చోటు వదిలి ఇంకోటి చెక్కుతాను."

రాజు రెండు నిలువుల బండనీ, ఆ దారాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏదీ, చూపించవయ్యా భూతనాథయ్యా" అన్నాడు నవ్వాపుకుంటూ.

అధికారి ఆ దారాన్ని మెల్లగా మడిచి తన రొంటిన దోపుకున్నాడు. సింగోజు వీపు వెనక దాచుకున్న పిడికిళ్లు అప్పటికి గాని విచ్చుకోలేదు.