పొదిగే పెట్ట కాలికి మువ్వ

ఏటిగట్టు దొడ్డిలో పశువులూ పక్షులూ కలిసి కాపురముండేవి. అందరికీ పెద్ద ఒక ముసలి ఎద్దు. మనసు మంచిదే, చెవి మాత్రం ఎవరు తియ్యగా మాట్లాడితే వాళ్లది. ఒకనాడు నక్క వచ్చి, "పెద్దయ్యా, ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో మీకేం తెలుస్తుంది? అందరి కాళ్లకీ మువ్వలు కట్టిస్తా. మోగితే పని, మోగకపోతే బద్ధకం. బద్ధకస్తులకి ఆ పూట గింజలు బంద్," అంది.

ఎద్దు నెమరు వేస్తూ తల ఊపింది. నెమరు వేసే పెద్దలకి మువ్వ అక్కర్లేదని నక్క ముందే చెప్పింది మరి.

నల్లపెట్ట అప్పుడే గుడ్ల మీద కూర్చుంది. పోయినసారి పిల్లలన్నిటినీ గద్ద ఎత్తుకుపోయింది. ఈసారైనా నాలుగు దక్కాలని సూర్యభగవానుడికి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చుంది.

నక్క వచ్చి నిలబడింది. "ఏమ్మా, పొద్దున్నుంచి నీ మువ్వ ఉలకదు, పలకదు?"

"పొదుగుతున్నాను బావా."

"పొదగడమంటే?"

"గుడ్ల మీద కదలకుండా కూర్చోవడం."

"నేనూ అదే అంటున్నా. ఊరికే కూర్చున్నావు."

ఆ పూట పెట్టకి గింజలు లేవు. మరుపూటా లేవు. ఆకలికి తాళలేక లేచి దొడ్డి చుట్టూ ఘల్లుఘల్లుమంటూ తిరిగింది. "భేష్, ఇదీ పనంటే!" అంది నక్క. తిరిగొచ్చి తాకి చూస్తే గుడ్లు చల్లబడుతున్నాయి. పెట్ట గబగబా వాటిని రెక్కల కింద పొదువుకుంది.

పక్కనే బాతు కునుకుతోంది. మెడలో బంతిపూల దండ. అందరికంటే ఎక్కువ మోగించినందుకు నక్క చేసిన సన్మానం. పాపం, నిద్రలో కూడా కాలు ఆడిస్తూనే ఉంది.

"అక్కా, నీ గుడ్లేవి?"

బాతు ఉలిక్కిపడి లేచింది. "మురిగిపోయాయే చెల్లీ. దండ బాగుందా?"

పెట్ట తిన్నగా ఎద్దు దగ్గరికెళ్లింది. "పెద్దయ్యా, మా అందరి కష్టం మీకు వినిపిస్తోంది. నక్కబావ కష్టమే ఎవరికీ వినిపించడం లేదు. రేపు ఎవరైనా ఆయన్ని బద్ధకస్తుడంటే ఎంత అప్రతిష్ఠ!"

"నిజమే సుమా," అని ఎద్దు అన్నిటికంటే పెద్ద మువ్వ తెప్పించి నక్క మెడకి కట్టించింది. మువ్వ మహిమ చెప్పింది తనే కదా, నక్క ఇక వద్దని ఎలా అంటుంది!

సాయంత్రం నక్క ఎలుకల కోసం పొలంలోకి దిగింది. అడుగేస్తే ఘల్లు, ఎలుకలన్నీ కన్నాల్లోకి. కదలకుండా పొంచి ఉంటే దొడ్డిలోంచి ఎద్దు రంకె: "ఏమయ్యోయ్, చప్పుడు లేదు? పడుకున్నావా?"

రెండు మూడు పూటలు ఇదే వరస. పెట్ట పస్తుతోనే గుడ్లు కావలించుకుని కూర్చుంది. అదిలించడానికి నక్కకి ఓపికుంటేగా! చివరికి నక్క డొక్కలెండిపోయి ఎద్దు కాళ్ల మీద పడింది.

"విప్పించండి పెద్దయ్యా! నా పని చప్పుడు లేకుండా చేసేది. కదలకుండా కూర్చుంటేనే నాకు కూడు!"

"నాదీ అంతే బావా," అంది పెట్ట గూట్లోంచి నెమ్మదిగా.

ఎద్దు నెమరు ఆపింది. చాలా ఏళ్ల తర్వాత ఆలోచించింది కాబట్టి కాస్త ఆలస్యమైంది గానీ, మువ్వలన్నీ విప్పించింది, నక్కని సాగనంపింది. రోజులు నిండాక, దేవుడి దయవల్ల ఒక్క గుడ్డు తప్ప అన్నీ పిల్లలయ్యాయి. ఆ ఒక్కదాన్నీ పెట్ట చాలాసేపు వదల్లేదు.

చప్పుడుకి కూలిచ్చే చోట చప్పుడే పుడుతుంది, పిల్లలు పుట్టరు.