భరిణె మూత

వెంకునాయుడికి ఒకచోట కాలు నిలిచేది కాదు.

తండ్రి పోయిన దగ్గర్నుంచీ మొదలైంది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటైనా పోవాలనిపించేది. పోయాక, ఇక్కడికెందుకు వచ్చానా అనిపించేది. మంచం మీద ఇటు దొర్లి అటు దొర్లి, తెల్లవారకముందే లేచి పొలం గట్ల వెంట తిరిగేవాడు. పైరు చూసుకోవడానికి కాదు, కాళ్ళు ఊరుకోక. చివరికి పొలం తమ్ముడికి అప్పజెప్పి, గురువును వెతుక్కుంటూ బయల్దేరాడు.

మొదటి గురువు దగ్గర ఒక చలికాలం ఉన్నాడు. రెండో ఆయన దగ్గర అంత కూడా లేడు. మూడో ఆయన పైడయ్యగారు.

పైడయ్యగారికి మఠం లేదు, పీఠం లేదు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. ఊళ్ళు తిరుగుతుండేవారు. "మనసు నిలబడే దారి చెప్పండి" అని వెంకునాయుడు కాళ్ళ మీద పడితే, "అలాగే, నాతో నడు" అన్నారు.

అప్పట్నుంచీ నడకే.

ఆ నడకైనా ఏ కొండకో, ఏ గుడికో కాదు. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ వాకిట్లో, పనసచెక్క పొట్టు దోసిట్లో పోసుకుని వాసన చూస్తూ ఆయన పూటంతా కూర్చున్నారు. పొందూరులో నూలు వడికే ముసలమ్మ పళ్ళున్న చేప దవడతో పత్తి దువ్వుతుంటే, "ఏదీ, నన్నొకసారి దువ్వనియ్యి తల్లీ" అని బతిమాలారు. ఆవిడ ఇచ్చింది. ఆయన పత్తంతా చిక్కు చేసిపెట్టి, ఆవిడ చేత తిట్లు తిని, నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఇత్తడి పనివాళ్ళ వీధిలో కొత్త చెంబును గోటితో మీటి, ఆ మోత అణిగేదాకా తల ఊపుతూ నిలబడ్డారు.

ఏదీ కొనరు. అన్నీ ముట్టుకుంటారు.

వెంకునాయుడు వెనకాల నిలబడి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతుండేవాడు. "బోధ ఎప్పుడండీ?" అని అడిగితే, "చూశావా నాయుడూ, ఆ చెంబు అంచు ఎంత బాగా తీర్చాడో!" అనేవారు.

ఇలా లాభం లేదనుకున్నాడు. తుని దగ్గర ఒక ఆశ్రమంలో అడిగిన రోజే ఉపదేశం ఇచ్చేస్తారని దారిలో ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక ఇంక అన్నం కూడా సహించలేదు. లక్కబొమ్మలు చేసే ఊరు చేరేసరికి తేల్చేసుకున్నాడు. సాయంత్రం ఇక్కణ్ణుంచి బెల్లం బళ్ళు తుని వెళ్తాయి. ఈలోగా గురువుగారు నోరు విప్పారా, సరే. లేదంటే బండెక్కేయడమే.

దాచనూ లేదు. ముఖం మీదే చెప్పేశాడు.

"అలాగే వెళ్దువుగాని," అన్నారు పైడయ్యగారు. "ముందు నూకరాజు ఇంటికి పద. లక్క పూసే వేళయింది."

నూకరాజు ఇల్లంతా లక్క వాసన. నడవలో అతని భార్య సింహాచలం తాడు ముందుకీ వెనక్కీ లాగుతోంది. తాడు చుట్టుకున్న కర్రముక్క గిర్రున తిరుగుతోంది. నూకరాజు ఎర్రటి లక్క కడ్డీని దానికి ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్క ఒళ్ళంతా పాకింది. పైన మొగలిరేకు ముక్క పెట్టి అదిమేసరికి తళతళలాడింది.

"ఏటి గురువుగారూ, మళ్ళీ వచ్చేరా!" అన్నాడు నూకరాజు, పని మీంచి కళ్ళు తియ్యకుండానే. "ఒసే, ఆ బొంగరాలు దాచేయే. కిందటిసారి ఈయన ఆడీ ఆడీ ఒకదాని మొన అరగదీసేరు."

"బొంగరం ఉన్నది ఆడ్డానికే కదరా!" అన్నారు పైడయ్యగారు. అప్పటికే చెయ్యి బుట్టలో ఉంది.

"కొన్నోళ్ళకి ఆడ్డానికండి. కొననోళ్ళకి సూడ్డానికి," అంది సింహాచలం.

ఆయన వినిపించుకుంటేనా! నేల మీద చతికిలబడి పచ్చ బొంగరం ఒకటి తిప్పి వదిలారు. అది గుయ్యిమంటూ ఉన్నచోటే నిలిచి తిరుగుతుంటే, ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత లక్కపిడతలు. చిట్టి కుండ, చిట్టి మూకుడు, చిట్టి గరిటె ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, లేని వంట రుచి చూసి, "ఉప్పు తక్కువైందే సింహాచలం" అన్నారు.

వెంకునాయుడు కూర్చున్నాడు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఎండ ఎంత వాలిందో చూసి, వీధిలో పోయే బండివాడితో తుని వస్తానని చెప్పి వచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ గుమ్మం.

"ఒక దగ్గర కూకోండి బాబూ," అంది సింహాచలం. "మా గడప అరిగిపోతాది."

"పోనీ, ఒచ్చి ఈ తాడైనా లాగండి," అన్నాడు నూకరాజు. "ఆ తిరుగుడేదో మాకు పనికొత్తాది."

వీధిలో ఎడ్ల మెడగంటలు వినిపించాయి. బళ్ళకి బెల్లం ఎత్తుతున్నారు. వెంకునాయుడు ఇంక ఆగలేకపోయాడు.

"గురువుగారూ! వీణలు చూశాను, చెంబులు చూశాను, ఇప్పుడు బొంగరాలు చూస్తున్నాను. నాకు కావలసింది ఇవా? కళ్ళు మూస్తే చాలు, మా నాన్న దగ్గు వినిపిస్తుంది. లేచి వెళ్ళి చూస్తాను. మంచం ఖాళీగా ఉంటుంది. అయినా మళ్ళీ వినిపిస్తుంది, మళ్ళీ లేస్తాను. నాకు ఒక్క రాత్రి నిద్ర కావాలండీ. చెప్తారా, చెప్పరా? ఇప్పుడే తేల్చండి."

తాడు ఆగిపోయింది. సింహాచలం మొగుడి వైపు చూసింది.

పైడయ్యగారు చిట్టి గరిటె కింద పెట్టారు. నూకరాజు వెనక వరసగా ఉన్న కుంకుమ భరిణెల్లోంచి ఒకటి తీసుకున్నారు. పొడుగాటి భరిణె, దాని మెడను కప్పేంత లోతైన మూత. మూత ఊడదీసి, రెండూ వెంకునాయుడి చేతుల్లో పెట్టారు.

"మూసియ్యి. చెప్తాను."

వెంకునాయుడు మూత పెట్టి అరచేత్తో ఒక్క పోటు పొడిచాడు. మూత సగం దిగింది. చెయ్యి తియ్యగానే పైకి వచ్చేసింది. మళ్ళీ పొడిచాడు. మళ్ళీ లేచింది. తిప్పి పొడిచాడు. అంతే.

"ఇది కుదర్లేదు," అన్నాడు.

"కుదరకపోడమేటి బాబూ!" నూకరాజుకి రోషం వచ్చింది. "ముసురు పట్టినా సరే, మా బరిణిలో కుంకం ముద్ద కట్టదు. గాలి దూరదండి అందులో!"

"అయితే ఇంకోటియ్యి."

ఇంకోటీ అంతే. వెంకునాయుడి నుదుట చెమట పట్టింది. భరిణెను నేల మీద పెట్టి పిడికిలి ఎత్తాడు.

"అయ్యో, పగిలిపోతాది!" అని అరిచింది సింహాచలం.

పిడికిలి పడేలోగా పైడయ్యగారు భరిణెను తన ముందుకు లాక్కున్నారు. మూతను దాని నోటి మీద నిలబెట్టారు. చెయ్యి తీసేశారు.

మూత అలాగే ఉండిపోయింది.

"చూశారా, దిగదు," అన్నాడు వెంకునాయుడు.

వెంకునాయుడి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. పైడయ్యగారు అతని మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా ఏం కాదు, ఏరు దాటేటప్పుడు పక్కవాడి చెయ్యి పట్టుకున్నట్టు.

ఇంక చూడ్డం తప్ప వెంకునాయుడికి చేసేదేం లేకపోయింది.

భరిణె మెడ మీద లక్క పూయని తెల్లచెక్క ఇంకా కనిపిస్తోంది. ఇందాక వేలెడు కనిపించింది. ఇప్పుడు కొంచెం తగ్గిందా? తగ్గలేదా? కళ్ళు చికిలించాడు. తగ్గింది. మూత దిగుతోంది. ఎవరూ ముట్టుకోకుండా, తన బరువుతోనే, లోపలి గాలి ఎంత చోటిస్తే అంత. తెల్లచెక్క గీతంత అయింది. వెంట్రుకంత అయింది. తర్వాత లేదు. చప్పుడైనా కాలేదు.

నూకరాజు ఏదో అనబోయాడు. సింహాచలం కళ్ళతోనే ఆపింది.

పైడయ్యగారు మణికట్టు వదిలేశారు.

వెంకునాయుడు మూత తీశాడు. భరిణెను తన ముందు పెట్టుకున్నాడు. మూత నిలబెట్టి, తన చెయ్యి తనే వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతినేం చెయ్యాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాడు. తర్వాత ఒళ్ళో పెట్టుకున్నాడు.

వీధిలో బళ్ళు కదిలాయి. ఒక బండి గుమ్మం ముందు ఆగింది.

"తుని ఎల్తానన్న బాబు ఎవరండీ?" అని కేకేశాడు బండివాడు. "ఎక్కుతారా, ఎల్లిపోమంటారా?"

పైడయ్యగారు కర్ర అందుకుని లేచారు.

"నాయుడూ, నీ బండొచ్చింది. లే, పొద్దుపోతోంది."

వెంకునాయుడు తలెత్తలేదు.

"ఉండండి గురువుగారూ," అన్నాడు మెల్లగా. "ఇంకా దిగుతోంది."