ముత్తికి పెట్టిన పరీక్ష

అనగా అనగా, వెదురు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉండేదట. అక్కడ కొండముచ్చులకూ జింకలకూ ఒక ఒప్పందం ఉండేది. కొండముచ్చులు కొమ్మల మీంచి కాపలా కాయాలి. పులి కనబడితే "ఖక్ ఖక్" మని అరవాలి. వెంటనే జింకలు తోకలెత్తి పరుగు తీయాలి.

ఆ ఏడు కాపలా పని మసిమూతి అనే కుర్ర కొండముచ్చుకు దక్కింది. దానికి ఉత్సాహం ఎక్కువ. ఎవరూ చెప్పకుండానే జింకపిల్లలన్నిటికీ పరీక్ష పెట్టింది. ఒక్కో పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు దాని వెనక చెట్టెక్కి అరిచేది. పరుగెత్తిన పిల్ల చురుకైనది, పరుగెత్తనిది మొద్దు.

అన్నీ పరుగెత్తాయి, ముత్తి అనే పిల్ల తప్ప. మొదటిసారి ముత్తి గడ్డి కొరుకుతూ ఉండిపోయింది. రెండోసారి సీతాకోకచిలుకను చూస్తూ నిలబడింది. మూడోసారి మసిమూతి గొంతు బొంగురుపోయేలా అరిచినా, తాపీగా చెవి గోక్కుంది.

మసిమూతి నేరుగా మంద పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. ఈ పిల్ల మొద్దు అనీ, దీన్ని చూసి మిగతావీ పాడవుతాయనీ, విడిగా మేపడమే మంచిదనీ చెప్పింది.

ముత్తి తల్లి కంది అడ్డొచ్చింది. "నా తోక లేస్తే నాకంటే ముందు ఉరుకుతుంది బాబూ. ఒక్కసారి దాని ఎదుట నిలబడి చూడు."

"నీ పిల్ల కాబట్టి నీకు అలాగే ఉంటుంది అత్తా. మూడుసార్లు చూశాను, ఇంకా చూసేదేముంది?" అని మసిమూతి నవ్వేసింది.

పెద్దమ్మ కాపలాదారు మాటే విన్నది. మర్నాటి నుంచి ముత్తి వాగు ఒడ్డున ఒంటరిగా మేసింది. అక్కడికి ఏ జింక తోకా కనబడదు.

ఒక మధ్యాహ్నం ఒడ్డు మీది గడ్డిలో చారలు కదిలాయి. మసిమూతి అరిచింది. మంద లేచి పరుగెత్తింది. కంది పిల్ల కోసం వెనక్కి తిరిగింది కానీ, మంద దాన్ని తోసుకుంటూ పోయింది. ముత్తి మాత్రం నీళ్లలో చేపపిల్లలను చూస్తూ నిలబడే ఉంది.

మసిమూతి సరిగ్గా దాని నెత్తిమీది కొమ్మకు దూకి అరిచింది. పక్కచెట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. ముత్తి చెవి కూడా కదల్లేదు.

అప్పుడు మసిమూతికి అర్థమైంది. ఈ పిల్ల మాట వినక కాదు, దీనికి వినబడదు. మూడుసార్లూ తను వెనక నుంచే అరిచింది. దీన్ని కాపాడే తల్లి తోకను కళ్లెదుట లేకుండా చేసిందీ తనే.

పులి ఇంకొక్క దూకు దూరంలో ఉంది. మసిమూతి నేరేడు కొమ్మ విరిచి ముత్తి ముందు నీళ్లలో పడేసింది. ముత్తి తలెత్తింది. మసిమూతి అచ్చం కందిలాగా తోక నిటారుగా ఎత్తింది. అంతే, ముత్తి ఉరికింది. పులి పంజాకు నీళ్లే దొరికాయి.

సాయంత్రం కంది పిల్లను నాకుతుంటే మసిమూతి చెట్టు దిగి వచ్చింది.

"దీనికి చెవులు వినబడవని నీకు తెలుసా అత్తా?"

"అది నాకూ తెలియదు బాబూ. ఎలా పిలిస్తే వస్తుందో మాత్రం తెలుసు. నువ్వు అది అడగలేదు."

మర్నాడు ముత్తి మంద మధ్యలో మేసింది. మసిమూతి దానికి కనబడేలా, ఎదురు కొమ్మ మీద కూర్చుంది.

నీతి: ఒకరిని మొద్దు అనే ముందు, మన పిలుపు వాళ్లకు అందిందో లేదో చూసుకోవాలి.