ఆవగింజలో సగం

హిమజ డాక్టరమ్మకి ఆ పూట ఒకటే బెంగ. తను రూట్ కెనాల్ చేసిన పన్ను నాలుగో రోజుకీ శాంతించలేదు.

ఆ పన్ను సన్నాయి సింహాద్రిది. అసలే పెళ్ళిళ్ళ కాలం. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ముద్ద నమలనేకపోతన్నానమ్మా! ఎల్లుండి పెళ్లిలో సన్నాయెలా ఊదీది? సాయంత్రం వచ్చెత్తాను, పీకీండి. గొడవొదిలిపోద్ది."

పీకడమే! అంత కష్టపడి నిలబెట్టిన పన్నుని! ఆమెకి ప్రాణం ఒప్పలేదు.

బొబ్బిలిలో ముప్ఫయ్యేళ్ళుగా జనం నోళ్ళు చూస్తున్న జోగారావు గారే ఆమెకి గురువు. వెళ్ళి ఆయన ముందు మూడు పెట్టెలు పెట్టింది. పంటి వేరు లోపల కడిగి నింపేటప్పుడు, సందుల్లేకుండా మూయడానికి పూసే మందులన్నమాట అవి. ఒకటి లవంగనూనె కలిపేది, ఒకటి జిగురులాంటిది, ఒకటి కొత్తగా వచ్చింది. కొత్తదాని పెట్టె, ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెళ్ళికూతురి నగలపెట్టెలా ఉంది.

"సింహాద్రికి లవంగనూనెది వాడాను సార్. అదే కొంప ముంచింది. వీటిలో నొప్పి పుట్టించనిది ఏది?"

గురువుగారు పెట్టెల్ని తిప్పి తిప్పి చూశారు. "ఆ కుర్చీలో కూర్చో. నోరు తెరు."

"నాకేం నొప్పి లేదు సార్!"

"అందుకే."

ఆమె దవడలో రాయిలాంటి పన్నొకటి ఎంచి, దాని నెత్తిన పళ్ళకి వాడే సిమెంటు చుక్క అంటించారాయన. ఎంతనుకున్నారు? ఆవగింజలో సగం. నీలం దీపం చూపించి గట్టిపరిచారు.

"భోంచేసి రా. మందుల సంగతి తర్వాత."

మొదటి ముద్దకే ఇసకరాయి తగిలినట్టయింది. మునక్కాడ పక్కన పెట్టేసింది. రెండింటికి బుగ్గ పట్టుకుంది. మూడింటికి పరుగెత్తుకొచ్చింది.

"తీసెయ్యండి సార్! ఒకటే పోటు. పన్ను పీకేసినా బాగుండుననిపిస్తోంది!"

ఆయన పనిముట్టు మొనతో టిక్కున ఎగరగొట్టారు.

"మరి ఈ పంటి వేరులో నేను ఏ మందు పోశానమ్మా?"

హిమజకి సింహాద్రి పన్ను మూసిన రోజు గుర్తొచ్చింది. మత్తుసూదికి అతని బుగ్గ అప్పటికింకా మొద్దుబారే ఉంది. "కొరికి చూడండి, ఎత్తుగా తగులుతోందా?" అని అడిగింది తను. "బానే ఉందమ్మా" అన్నాడు పాపం.

మూడు పెట్టెలూ బీరువాలో సర్దేసింది. పళ్ళ మధ్య పెట్టి కొరికిస్తే ఎత్తున్న చోట మచ్చ పడే నీలం కాగితం ముక్క ఒకటి చించి బల్ల మీద పెట్టుకుంది. ఫోనందుకుంది.

"సింహాద్రి గారూ, సాయంత్రం తప్పకుండా రండి. పీకించుకోడానికి కాదు, కొరకడానికి. వస్తూ సన్నాయి తెచ్చుకోండి."