అట్ట అంచు దాటిన గాలి

ఉదయం తొమ్మిదీ పదికి ఎస్తేరు టీ గ్లాసు పక్కన పెట్టి, కంప్యూటర్‌లో తన సమీకరణం చివర ఒక సంఖ్య చేర్చింది. 1.27.

వంతెనల కదలికను పసిగట్టే సిలికాన్ సెన్సార్ మీద ఆమె అయిదేళ్లుగా పరిశోధన చేస్తోంది. అందులో వెంట్రుక మందమంత పలక ఒకటి, కింద కదలని పలక ఒకటి. రెంటి మధ్యా పలచని పొరలా గాలి. పై పలక కిందికి వచ్చినప్పుడల్లా ఆ గాలి నలిగి పక్కలకు పోవాలి. అది ఎంత అడ్డుపడితే ఊపు అంత త్వరగా ఆగుతుంది. ఆ అడ్డును లెక్కగట్టడమే ఆమె పని.

లెక్కలో వచ్చినదాని కన్నా కొలతలో అడ్డు ఎక్కువగా ఉంది. ఎనిమిది చిప్పులు కొలిచింది. ఎనిమిదింటా అంతే. 1.27తో గుణిస్తే మాత్రం సరిపోయింది.

కొత్త చిప్పులో పలక వెడల్పు పాతదానిలో సగం. దానికీ అదే సంఖ్య వేసి డిజైన్ ముగించింది. పన్నెండు గంటలకల్లా తయారీ కేంద్రానికి పంపాలి. తప్పితే మళ్లీ వంతు నాలుగు నెలలకు. ఆమె ఫెలోషిప్ మూడు నెలల్లో ముగుస్తుంది.

గైడ్ దస్తగిరి సార్ కాగితాలు చదివారు. పెన్సిల్ ఆ సంఖ్య దగ్గర ఆగింది.

“ఎవరమ్మా ఇతను?”

“దిద్దుబాటు గుణకం సార్.”

“అది చేసే ఉద్యోగం. ఇంటిపేరు అడుగుతున్నా. యాడోడు?”

“తెలీదు సార్. కానీ పెడితే సరిపోతోంది.”

“అల్లుడు మంచోడే, ఊరే తెలీదంటావ్.”

ఎస్తేరు నవ్వింది. చూపు మాత్రం గడియారం మీదే ఉంది.

ఆయన బీరువా మీద నుంచి ఒక పాత పరీక్ష అట్ట తీశారు. క్లిప్పు విరిగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. అట్ట తీసి, బ్లాక్‌బోర్డు కింద చేరిన సుద్దపొడిని ఆ గీతకు బయట, రెండు వేళ్ల దూరంలో చల్లారు.

“నీ లెక్కలో గాలి కష్టం యాడ తీరింది?”

“పలక అంచు దగ్గర సార్. అంచు దాటితే బయటి గాలే. అక్కడ ఒత్తిడి సున్నా అనుకున్నా. అందరూ అలాగే వేస్తారు.”

ఆయన అట్టను జానెడు ఎత్తున, గీతకు సరిగ్గా పైన పట్టుకుని వదిలేశారు.

టప్‌మంది. పొడి లేచి ఆమె టీ గ్లాసులో పడింది.

“ఇందాకటి మాట ఆ పొడికి చెప్పు” అన్నారు దస్తగిరి సార్. క్లాసుకు వేళవుతోందని వెళ్లిపోయారు.

ఎస్తేరు చెదిరిన పొడిని మళ్లీ గీత బయటికి చేర్చింది. అట్ట ఎత్తి ఇంకోసారి వదిలింది. తర్వాత సమీకరణం తెరిచి 1.27 చెరిపేసింది. పన్నెండు దాటింది. డిజైన్ వెళ్లలేదు.

పదకొండో రోజున కొత్త లెక్క తేలింది. అంచు బయట గాలి పడే కష్టాన్ని కూడా కలిపితే, పాత పలకకు ఏ గుణకమూ లేకుండానే కొలత సరిపోయింది. వెడల్పు తగ్గేకొద్దీ అంచు వాటా పెరుగుతుంది. పాత పద్ధతిలోనే వేస్తే, సగం వెడల్పు పలకకు కావలసిన గుణకం 1.27 కాదు.

1.59.